స్పిన్నింగ్ మిల్లులో ఎడ్జ్ గేట్‌వే పెట్టడం ఎలా: మీటర్ తీగ నుంచి డ్యాష్‌బోర్డ్ దాకా

ఎడ్జ్ గేట్‌వే అంటే ఎలక్ట్రికల్ ప్యానెల్లో డిన్ రైల్ (పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద కూర్చునే ఒక చిన్న కంప్యూటర్, పేరు చూసి కంగారు పడక్కర్లేదు. ఒక పక్క ఎనర్జీ మీటర్లు, డ్రైవ్‌లు (మోటార్ వేగం మార్చేవి), పీఎల్‌సీల (మెషీన్‌ని నడిపే చిన్న కంట్రోలర్ల) నుంచి రీడింగులు తీసుకుంటుంది, అక్కడికక్కడే కాస్త లెక్కగడుతుంది, అవసరమైనవి మాత్రం సర్వర్‌కో క్లౌడ్‌కో పంపుతుంది. డబ్బా కొని బిగించడం ఒక పూట పని. అది చూపించే అంకెని రాత్రి షిఫ్ట్ ఇన్‌చార్జి నమ్మేలా చేయడమే అసలు పని, ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ఉదాహరణకి గుంటూరు వైపు ఉండే ఒక మోస్తరు స్పిన్నింగ్ మిల్లు తీసుకుందాం. రింగ్ ఫ్రేములు (నూలు వడికేవి), ఆటోకోనర్లు (నూలుని కోన్లకి చుట్టేవి), హ్యూమిడిఫికేషన్ ప్లాంట్ ఫ్యాన్లకి డ్రైవ్‌లు, కంప్రెసర్ రూమ్‌లో ఒక పీఎల్‌సీ, ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెళ్లలో ఒక 16 ఎనర్జీ మీటర్లు అనుకుందాం. మీది రైస్ మిల్లో, డెయిరీయో, ఫార్మా యూనిట్టో అయితే మెషీన్ల పేర్లు మారతాయి, చేసే పని మాత్రం దాదాపు ఇదే.

1. ముందు ప్రశ్నలు రాసుకోండి

"ముందు డేటా అంతా పంపేద్దాం, ఏం చేయాలో తర్వాత చూద్దాం" అని మొదలుపెట్టిన ప్రాజెక్టుల్లో చాలావరకు ఆరు నెలలకి ఎవరూ తెరవని డ్యాష్‌బోర్డ్‌గా మిగులుతాయి. అందుకని ఒక కాగితం తీసుకుని మేనేజర్‌ని, ఎలక్ట్రికల్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టి అడగండి, ఏం తెలిస్తే మీరు ఏం మారుస్తారు అని. మిల్లులో సాధారణంగా వచ్చే జవాబులు ఇవీ: కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) దాటబోతున్నామని ముందే తెలియాలి, కిలో నూలుకి ఎన్ని యూనిట్లు పడుతున్నాయో కౌంట్ (నూలు సన్నదనం) వారీగా తెలియాలి, రాత్రిపూట కంప్రెసర్ అన్‌లోడ్‌లో ఎంతసేపు ఊరికే తిరుగుతోందో తెలియాలి.

ఈ మూడింటికీ కావాల్సిన వేగం ఒకటే కాదు, గమనించారా. డిమాండ్‌కి కొన్ని సెకన్లకోసారి రీడింగ్ కావాలి. నూలు లెక్కకి షిఫ్టుకోసారి కౌంటర్ చదివితే సరిపోతుంది. కంప్రెసర్‌కి లోడ్, అన్‌లోడ్ మారినప్పుడు తెలిస్తే చాలు. ఇది ఇప్పుడే తేల్చుకుంటే అవతల కేబుల్, స్టోరేజ్, సిమ్ డేటా ఖర్చు అన్నీ దానికి తగ్గట్టు తగ్గుతాయి.

ఇంకో సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. మెషీన్‌ని నడిపే పని గేట్‌వేకి ఇవ్వకండి. ఇంటర్‌లాక్, ట్రిప్, స్టార్ట్, స్టాప్ అన్నీ పీఎల్‌సీలోనే ఉండాలి, గేట్‌వే చదవాలి, లెక్కగట్టాలి, హెచ్చరించాలి. దాన్ని పీకి పక్కన పెట్టినా మిల్లులో ఒక్క కదురు కూడా ఆగకూడదు.

2. ఫ్లోర్ మీద తిరిగి లిస్టు రాయండి

డ్రాయింగ్ చూసి లిస్టు రాయొద్దు. డ్రాయింగ్ ప్రకారం ఉన్న మీటరు ఎప్పుడో కాలిపోయి వేరే మేక్ పెట్టి ఉంటారు. ప్రతి ప్యానెల్ తలుపు తెరిచి మేక్, మోడల్, కమ్యూనికేషన్ పోర్ట్ ఉందా లేదా, స్లేవ్ ఐడీ (లైన్‌లో ఆ మీటర్ నంబరు), బాడ్ రేటు (డేటా వేగం), పారిటీ (తప్పు పట్టడానికి కలిపే బిట్), పక్క ప్యానెల్‌కి కేబుల్ దూరం రాసుకోండి, నేమ్‌ప్లేట్ ఫొటో తీసుకోండి. చాలా మీటర్లు ఫ్యాక్టరీ నుంచి ఐడీ 1తోనే వస్తాయి, ఇంతవరకు ఎవరూ కమ్యూనికేషన్ వాడలేదు కాబట్టి 16కి 16 అలాగే ఉండిపోయి ఉండొచ్చు. ఒకే లైన్‌లో రెండిటికి ఒకే ఐడీ ఉంటే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, అప్పుడు వచ్చేది చెత్త.

లిస్టు రాస్తున్నప్పుడే సీటీ (పెద్ద కరెంటుని మీటర్ కొలిచేంతకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో కూడా చూడండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ప్యానెల్లో ఉన్నది 400/5 సీటీ, మీటర్ మెనూలో పెట్టింది 200/5 అనుకోండి, ఆ ఫీడర్ యూనిట్లు సగమే కనిపిస్తాయి, మీరు ఎంత మంచి గేట్‌వే పెట్టినా సగమే కనిపిస్తాయి. క్లాంప్ మీటర్ పెట్టి మూడు ఫేజుల కరెంటూ కొలిచి మీటర్ డిస్‌ప్లేతో సరిపోల్చి, సరిపోయిన దానికే టిక్ పెట్టండి.

3. డబ్బా ఎంచుకోవడం

స్పిన్నింగ్ మిల్లులో మొదటి షరతు, ఫ్యాన్ లేనిది కొనాలి. దూది నూగు ఎక్కడికైనా దూరుతుంది, ఫ్యాన్ ఉన్న కంప్యూటర్‌ లోపల నెల తిరిగేసరికి పరుపు కుట్టేంత పేరుకుంటుంది. రెండోది వేడి. మే నెలలో బయటే 45 డిగ్రీలకి దగ్గర్లో ఉంటే, డ్రైవ్‌లున్న ప్యానెల్ లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది, కాబట్టి 60 డిగ్రీలకో 70 డిగ్రీలకో రేటింగ్ ఉన్నది చూడండి. 24 వోల్టుల డీసీతో నడవాలి, ఎందుకంటే ప్యానెల్లో ఉండేది అదే, అడాప్టర్‌ని వేలాడదీసే బాధ తప్పుతుంది.

పోర్టుల సంగతికొస్తే, రెండు ఈథర్నెట్ పోర్టులు తప్పనిసరి, ఎందుకో నెట్‌వర్క్ దగ్గర చెప్తాను. ఆర్‌ఎస్-485 (మీటర్లన్నిటినీ ఒక జత తీగ మీద కలిపే లైన్) పోర్టులు కనీసం రెండు ఉండాలి, అవి ఐసొలేటెడ్ (లోపలి బోర్డుతో విద్యుత్ పరంగా విడిగా) అయి ఉండాలి. డ్రైవ్‌లున్న చోట గ్రౌండ్ పొటెన్షియల్ తేడాలొస్తాయి, ఐసొలేషన్ లేని పోర్టు అయితే ఏదో ఒక రోజు పోర్టుతో పాటు బోర్డు కూడా పోతుంది.

రాస్ప్‌బెర్రీ పై పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవడానికి దానంత మంచిది లేదు, నేనూ టేబుల్ మీద ముందు దాంట్లోనే చేసి చూస్తాను. ప్లాంట్‌లో మాత్రం ఎస్‌డీ కార్డు మీద పగలూ రాత్రీ డేటా రాస్తూ, మధ్యలో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ కార్డు ఎక్కువ కాలం నిలవదు. ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉండే మెమరీ) కానీ ఎస్ఎస్‌డీ కానీ ఉన్న ఇండస్ట్రియల్ మోడల్ తీసుకోండి. లోపల మామూలు లినక్స్ ఉండి డాకర్ (ప్రోగ్రామ్‌ని ప్యాకెట్‌లా కట్టి వేరే కంప్యూటర్లో కూడా నడిపించేది) నడిస్తే ఇంకా మంచిది, రేపు కంపెనీ మూతపడినా మీరు రాసుకున్నది వేరే డబ్బాలోకి మార్చుకోవచ్చు. బాక్సు మీద ఏఐ అని స్టిక్కర్ ఉందని రెట్టింపు డబ్బులు పెట్టకండి. 16 మీటర్లు చదవడానికి ఏఐ ఎందుకు?

4. నెట్‌వర్క్: రెండు పోర్టులు, రెండు లోకాలు

ఒక ఈథర్నెట్ పోర్టు మెషీన్ల వైపు, రెండోది ఆఫీస్ లేదా ఇంటర్నెట్ వైపు. ఈ రెండింటినీ బ్రిడ్జ్ చేయకూడదు (ఒకే నెట్‌వర్క్‌గా కలపకూడదు), లినక్స్‌లో ఐపీ ఫార్వార్డింగ్ (ఒక పోర్టుకి వచ్చిన ట్రాఫిక్‌ని ఇంకోదానికి పంపడం) ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి. డాకర్ వేస్తే అది తనంతట తానే ఫార్వార్డింగ్ ఆన్ చేసుకుంటుంది, కాబట్టి ఫైర్‌వాల్ రూల్‌తో ఆ రెండు పోర్టుల మధ్య ట్రాఫిక్ ఆపండి. తర్వాత నిజంగా ఆగిందో లేదో ఆఫీస్ ల్యాప్‌టాప్ నుంచి పీఎల్‌సీ ఐపీకి పింగ్ కొట్టి చూడండి. జవాబు వచ్చిందంటే గోడకి కన్నం ఉన్నట్టే.

ఎందుకింత పట్టింపు అంటే, మీటర్లు, పీఎల్‌సీలు మాట్లాడుకునే భాష అయిన మోడ్‌బస్ 1979 నాటిది, దాంట్లో పాస్‌వర్డ్ అనేదే లేదు. 502 పోర్టుకి చేరగలిగిన ఎవరైనా రీడింగ్ చదవొచ్చు, సెట్‌పాయింట్ మార్చొచ్చు. కాబట్టి రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డ్ చేసి "ఇంటి నుంచి కూడా చూడొచ్చు" అనే ఏర్పాటు ఎవరు చెప్పినా చేయకండి. గేట్‌వే లోపలి నుంచి బయటికి కనెక్షన్ తీసుకోవాలి, బయటి నుంచి లోపలికి ఏదీ తెరిచి ఉండకూడదు. మీరు దూరం నుంచి లోపలికి రావాలంటే వీపీఎన్, అది కూడా అవసరమైనప్పుడే ఆన్ చేసేలా. 4జీ సిమ్ వాడుతుంటే స్టాటిక్ పబ్లిక్ ఐపీ కోసం ఎగబడకండి, అది లేకపోవడమే మీకు రక్ష.

"మన మిల్లుని ఎవడు హ్యాక్ చేస్తాడు సార్" అంటారు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల మీద దాడి జరిగి, సుమారు 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. ఆ దాడిలో వాళ్లు బ్రేకర్లు తెరవడంతో ఆగలేదు, సబ్‌స్టేషన్లలో ఉన్న సీరియల్ టు ఈథర్నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ని కూడా పాడుచేశారు, దాంతో ఆపరేటర్లు దూరం నుంచి బ్రేకర్లు మళ్లీ వేయలేకపోయారు, మనుషుల్ని పంపి చేత్తో వేయించాల్సి వచ్చింది. ఆ కన్వర్టర్లు మన గేట్‌వేకి అన్నదమ్ముల్లాంటివి. మిల్లు మీద ఎవరికీ పగ లేకపోయినా, తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా గాలించే స్కానర్లకి అది మిల్లా బ్యాంకా అనే తేడా తెలియదు.

డిఫాల్ట్ పాస్‌వర్డులు మార్చండి, ఇది అందరూ చెప్పేదే. తక్కువమంది చూసేది ఇంకోటుంది: నోడ్-రెడ్ (డబ్బాలు గీతలతో కలిపి ప్రోగ్రామ్ రాసే టూల్) వేస్తే 1880 పోర్టులో ఎడిటర్ పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది, మీరు పెట్టేదాకా అంతే. మస్కిటో బ్రోకర్ (ఎంక్యూటీటీ అనే పద్ధతిలో మెసేజ్‌లు పంచే సర్వర్) 2.0 నుంచి కొంచెం గట్టిగానే ఉంది, బయటి మెషీన్లని ఊరికే రానివ్వదు, కానీ కనెక్ట్ కావట్లేదని విసిగిపోయి నెట్‌లో దొరికిన రెండు లైన్లు కాపీ చేసి అనామకంగా ఎవరైనా రావొచ్చని సెట్ చేసేస్తారు. ఆ లైన్ మీ ఫైల్‌లో ఉందేమో ఒకసారి చూసుకోండి.

5. తీగ సరిగా లాగండి

సగం సమస్యలు సాఫ్ట్‌వేర్‌వి కావు, తీగవి. ఆర్‌ఎస్-485ని ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి, అక్కడి నుంచి ఇంకోదానికి గొలుసులా లాగాలి, ఒకే చోట నుంచి చెట్టు కొమ్మల్లా పంచకూడదు. ట్విస్టెడ్ పెయిర్ షీల్డెడ్ కేబుల్ వాడండి. లైన్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, మధ్యలో ఎక్కడా వద్దు. షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేయండి. సిద్ధాంతం ప్రకారం తక్కువ వేగాల్లో 1200 మీటర్ల దాకా వెళ్తుంది, కానీ డ్రైవ్‌ల మధ్య నుంచి వెళ్లే లైన్‌ని అంతదూరం లాగి అదృష్టాన్ని పరీక్షించుకోకండి. రెండు లైన్లుగా చీల్చండి, రెండు పోర్టులు కొనమన్నది అందుకే.

డ్రైవ్ నుంచి మోటార్‌కి వెళ్లే కేబుల్‌తో ఒకే ట్రేలో వేయకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఇది పాటించకపోతే ఏమవుతుందంటే, హ్యూమిడిఫికేషన్ ఫ్యాన్లు ఆగి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, అవి తిరగడం మొదలుకాగానే రీడింగులు ఒకటి వచ్చి ఒకటి రాక తమాషా చూపిస్తాయి, మీరు ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

టెర్మినల్స్ మీద ఏ, బీ అని రాసి ఉంటుంది కదా, ఒక కంపెనీ ఏ ఇంకో కంపెనీకి బీ కావొచ్చు. అస్సలు జవాబు రాకపోతే ముందు ఆ రెండు తీగలు తారుమారు చేసి చూడండి, అలా చేస్తే ఏమీ కాలిపోదు.

6. ల్యాప్‌టాప్‌తో ఒక్క మీటర్ చదవండి

గేట్‌వే ఇంకా బాక్సులోనే ఉండనివ్వండి. యూఎస్‌బీ టు ఆర్‌ఎస్-485 కన్వర్టర్ పెట్టి, ఒకే ఒక మీటర్‌కి కలిపి, మోడ్‌బస్ పోల్ లాంటి ఏదో ఒక టూల్‌తో వోల్టేజ్ చదవండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు, ఒక్క మీటర్ దగ్గర రాని అంకె 16 మీటర్ల దగ్గర రాదు.

ఇక్కడ మూడు చిక్కులు వస్తాయి. మొదటిది, మాన్యువల్‌లో 40001 అని ఉంటే చాలా టూల్స్‌లో మీరు అడగాల్సింది 0వ అడ్రస్. ఒకటి తేడాతో పక్క రిజిస్టర్ (మీటర్ విలువలు దాచుకునే గడి) చదివేస్తుంటారు, అది కూడా ఏదో ఒక అంకె ఇస్తుంది కాబట్టి తప్పు వెంటనే తెలియదు. రెండోది, 3xxxx అని ఉన్నవాటికి ఫంక్షన్ కోడ్ (ఏ రకం రిజిస్టర్ చదవాలో చెప్పే అంకె) 04, 4xxxx అని ఉన్నవాటికి 03. మూడోది రెండు రిజిస్టర్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య), ఇది కొంచెం నిదానంగా చూద్దాం.

సరిగ్గా 230 వోల్టులని 32 బిట్ల ఫ్లోట్‌గా రాస్తే హెక్స్‌లో 4366 0000 అవుతుంది. అంటే మీరు రిజిస్టర్లని విడివిడిగా పూర్ణసంఖ్యలుగా చూస్తే ఒకదాంట్లో 17254, పక్కదాంట్లో 0 కనిపించాలి. 17254 ముందు వస్తే మీటర్ పెద్ద పదాన్ని ముందు పంపుతోందని అర్థం. ముందు 0, తర్వాత 17254 వస్తే వర్డ్ స్వాప్ ఉంది. టూల్‌లో స్వాప్ ఆప్షన్ సరిచేయకపోతే స్క్రీన్ మీద 0.000 అనో, నమ్మశక్యం కాని అంకె ఒకటో కనిపిస్తుంది, మీటర్ పాడైందనుకుంటారు. కాబట్టి ఏ కొత్త మేక్ మీటర్ వచ్చినా ముందు వోల్టేజ్ చదవండి, ఎందుకంటే అది ఎంత ఉండాలో మీకు ముందే తెలుసు, 17250కి అటూఇటూగా ఒక అంకె ఏ రిజిస్టర్‌లో ఉందో చూస్తే ఆ మీటర్ పద్ధతి మొత్తం తెలిసిపోతుంది. అది సరిపోయాక కరెంటు, పవర్ ఫ్యాక్టర్, కేవీఏ (బిల్లులో డిమాండ్ కొలిచే లోడ్ యూనిట్), యూనిట్ల కౌంటర్ ఒక్కొక్కటీ డిస్‌ప్లే పక్కన పెట్టి సరిచూడండి.

7. పోలింగ్ లెక్క కాగితం మీద వేయండి

ఇప్పుడు గేట్‌వే పెట్టండి, కానీ ప్రతి మీటర్‌నీ సెకనుకోసారి చదవమని చెప్పేయకండి, లెక్క చూడండి. 9600 బాడ్, పారిటీ లేకుండా అయితే ఒక బైట్‌కి దాదాపు 1.04 మిల్లీసెకన్లు. ఒక మీటర్ నుంచి 20 ఫ్లోట్ విలువలు అంటే 40 రిజిస్టర్లు, ప్రశ్న 8 బైట్లు, జవాబు 85 బైట్లు, మొత్తం 93, అంటే 97 మిల్లీసెకన్లు. మీటర్ ఆలోచించుకునే టైమ్, మధ్య ఖాళీలు కలిపితే 150 అనుకోండి. 16 మీటర్లకి 2.4 సెకన్లు. అంటే 5 సెకన్లకోసారి హాయిగా చదవొచ్చు, సెకనుకోసారి కుదరదు.

బాగుంది కదా, ఇప్పుడు ఒక మీటర్ చచ్చిపోయిందనుకోండి. చాలా గేట్‌వేల్లో టైమౌట్ 1 సెకను, మూడుసార్లు ప్రయత్నం అని పెట్టి ఉంటుంది. మిగతా 15 మీటర్లకి 2.25 సెకన్లు, చచ్చినదాని కోసం ఎదురుచూపు 3 సెకన్లు, మొత్తం 5.25. ఒక్క మీటర్ పోగానే 5 సెకన్ల సైకిల్ తప్పింది. రెండు పోతే 8 సెకన్లు దాటుతుంది, బతికున్న 14 మీటర్ల డేటా కూడా ఆలస్యమవుతుంది. అందుకని టైమౌట్ 300 మిల్లీసెకన్లకి తగ్గించి, రీట్రై ఒకటే ఉంచి, వరసగా జవాబివ్వని మీటర్‌ని పక్కన పెట్టి నిమిషానికోసారి మాత్రమే పలకరించేలా సెట్ చేయండి. ఈ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్ అయితే మార్చేయమనే నా సలహా. యూనిట్ల కౌంటర్ లాంటి నిదానంగా మారేవాటిని నిమిషానికోసారి చదివే వేరే గ్రూపులో వేస్తే లైన్ ఇంకా తేలికపడుతుంది.

8. పీఎల్‌సీ దగ్గర జాగ్రత్త

కంప్రెసర్ పీఎల్‌సీ మీది కాదు, మెషీన్ ఇచ్చిన కంపెనీది. వారంటీలో ఉంటే వాళ్లకి ముందే మెయిల్ పెట్టి, చదవడానికి ఏ ఏ విలువలు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. సీమెన్స్ ఎస్7-1200 అయితే ఫర్మ్‌వేర్ 4.4 నుంచి ఓపీసీ యూఏ (పాస్‌వర్డ్, సర్టిఫికెట్ పెట్టగలిగే డేటా పద్ధతి) సర్వర్ దాంట్లోనే ఉంది, లైసెన్స్ విడిగా తీసుకోవాలి. పాత పద్ధతిలో పుట్-గెట్ (పీఎల్‌సీ మెమరీని బయటి నుంచి నేరుగా చదివే, రాసే సదుపాయం) ఆన్ చేసి చదవొచ్చు, కానీ అది ఆన్ చేస్తే చదవడంతో పాటు రాయడానికి కూడా తలుపు తెరిచినట్టే, పైగా ఆప్టిమైజ్డ్ డేటా బ్లాకులు ఆ దారిలో కనిపించవు. ఓపీసీ యూఏ దొరికితే దాన్నే వాడండి, సెక్యూరిటీ "నన్" అని వదిలేయకుండా సర్టిఫికెట్‌తో కలపండి, యూజర్‌కి చదివే హక్కు మాత్రమే ఇవ్వండి.

9. పేరు, టైమ్, నాణ్యత

ట్యాగ్ పేర్లు మొదటి రోజే ఒక పద్ధతిలో పెట్టండి: మిల్లు, విభాగం, మెషీన్, కొలత, ఈ వరసలో. ఎంక్యూటీటీ టాపిక్ (మెసేజ్‌కి పెట్టే చిరునామా) కూడా అదే వరస. "మీటర్7_విలువ3" అని పెడితే ఏడాది తర్వాత అది ఏమిటో మీకే గుర్తుండదు.

టైమ్‌స్టాంప్ గేట్‌వేలోనే, చదివిన క్షణంలోనే వేయాలి, సర్వర్‌కి చేరినప్పుడు కాదు. లోపల యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) దాచండి, చూపించేటప్పుడు మన టైమ్‌కి మార్చండి. షిఫ్ట్ రిపోర్టులో జాగ్రత్త, మన ఉదయం 6 గంటల షిఫ్ట్ యూటీసీలో 00:30కి మొదలవుతుంది, గంట వారీగా మొత్తాలు కట్టే క్వెరీలు ఈ అరగంట దగ్గరే తప్పు చెప్తాయి. గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా టైమ్ కలిపే పద్ధతి) సరిచేయించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో గడియారాలు కలపమని ఉంది. లాగ్‌లు 180 రోజులు ఉంచమని, సైబర్ ఘటనలు 6 గంటల్లో తెలియజేయమని చెప్పింది కూడా అవే ఆదేశాలు, మీ ఐటీ వాళ్లకి చూపించండి.

ఇక నాణ్యత. మీటర్ జవాబివ్వకపోతే గేట్‌వే ఏం పంపాలి? చాలా డబ్బాలు పాత విలువనే పట్టుకుని పంపుతూ ఉంటాయి. డ్యాష్‌బోర్డ్‌లో 412 కిలోవాట్లు అని గంటల తరబడి కదలకుండా నిలబడి ఉంటుంది, చూసేవాళ్లు "స్టడీగా నడుస్తోంది" అనుకుంటారు, అక్కడ ఫీడరే ట్రిప్ అయి ఉంటుంది. ఇంకొన్ని డబ్బాలు 0 పంపుతాయి, అది ఇంకా ఘోరం, నిజం సున్నాకీ తెలియని సున్నాకీ తేడా ఉండదు, సగటులన్నీ పాడవుతాయి. విలువతో పాటు మంచిదో చెడ్డదో చెప్పే ఒక గుర్తు తప్పకుండా పంపండి, చెడ్డదైతే డ్యాష్‌బోర్డ్‌లో అంకె బదులు బూడిద రంగు గీత కనిపించాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్కసారి తప్పుడు అంకె పట్టుకున్నాడంటే, తర్వాత మీరు నిజం చూపించినా నమ్మడు.

గేట్‌వేనే ఆగిపోతే? ఎంక్యూటీటీలో దానికి లాస్ట్ విల్ అని ఒక ఏర్పాటు ఉంది. ఆ ప్రోటోకాల్ 1999లో చమురు పైప్‌లైన్ల డేటాని శాటిలైట్ లింకుల మీద తెచ్చుకోవడానికి పుట్టింది, లింకు తెగడం వాళ్లకి రోజువారీ సంగతి. కనెక్షన్ చెప్పకుండా తెగితే "ఈ గేట్‌వే ఆఫ్‌లైన్" అని బ్రోకరే అందరికీ చెప్తుంది. దాన్ని సెట్ చేయడానికి రెండు నిమిషాలు పట్టదు.

10. ఇప్పుడు ఎడ్జ్‌లో లెక్క: డిమాండ్ హెచ్చరిక

ఇంతదాకా చేసింది గేట్‌వే పని. ఇక్కడి నుంచి ఎడ్జ్ అనే మాటకి న్యాయం జరుగుతుంది. మీ హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు షరతుల్లో డిమాండ్‌ని 15 నిమిషాలకి లెక్కిస్తారా 30 నిమిషాలకా చూడండి. 15 అనుకుందాం, కాంట్రాక్ట్ డిమాండ్ 1500 కేవీఏ అనుకుందాం. అంటే ఒక్కో విండోలో 375 కేవీఏహెచ్ దాకా వాడుకోవచ్చు.

పదో నిమిషానికి 270 అయిపోయిందనుకోండి. మిగిలింది 105, ఉన్నది 5 నిమిషాలు, అంటే ఇక్కడి నుంచి సగటున 1260 కేవీఏ మించకూడదు. ప్రస్తుతం లోడ్ 1600 మీద ఉంటే ఆ 5 నిమిషాల్లో 133 అవుతుంది, మొత్తం 403, డిమాండ్ 1613గా రికార్డవుతుంది. ఈ లెక్క గేట్‌వే ప్రతి 5 సెకన్లకీ వేసి, దాటేలా ఉంటే ప్యానెల్ రూమ్‌లో హూటర్ మోగించాలి, ఫోన్‌కి మెసేజ్ పంపాలి. అప్పుడు షిఫ్ట్ వాళ్లు రెండో కంప్రెసర్ స్టార్ట్ చేయడం పది నిమిషాలు ఆపుకుంటారు. దీన్ని క్లౌడ్‌లో పెడితే సరిగ్గా నెట్ పోయిన రోజే డిమాండ్ దాటుతుంది. విండో మొదలయ్యే టైమ్ డిస్కం మీటర్ గడియారంతో కలిసేలా చూసుకోండి, ఒక నిమిషం తేడా ఉన్నా లెక్క పక్కకి పోతుంది.

యూనిట్లని మాత్రం కిలోవాట్లని కూడుతూ మీరే కట్టకండి, మీటర్ కౌంటర్‌నే నమ్మండి. కౌంటర్ తిరిగి సున్నాకి వచ్చినా, మీటర్ మార్చినా తేడా మైనస్ వస్తుంది, ఆ సందర్భానికి ఒక షరతు రాసుకోండి.

11. నెట్ పోతే

గేట్‌వేలో బఫర్ ఆన్ చేయండి. మీటర్‌కి ఒక మెసేజ్‌లో 20 విలువలూ కలిపి పెడితే దాదాపు 400 బైట్లు అనుకుందాం, 16 మీటర్లు, 5 సెకన్లకోసారి, రోజుకి 110 ఎంబీ అవుతుంది. 8 జీబీ కేటాయిస్తే రెండు నెలలు దాటి వస్తుంది. విలువ కొంచెం కూడా మారనప్పుడు పంపకుండా డెడ్‌బ్యాండ్ పెడితే ఇంకా ఎక్కువ, కానీ అప్పుడు నిమిషానికోసారైనా "బతికే ఉన్నాను" అని పంపాలి, లేకపోతే మారలేదో చచ్చిందో తెలియదు. నెట్ తిరిగి వచ్చాక పాత డేటా పాత టైమ్‌స్టాంపులతోనే వెళ్లాలి, కొత్త డేటాకి అడ్డం పడకుండా నెమ్మదిగా వెళ్లాలి. డిస్క్ నిండితే పాతది పారేయాలా కొత్తది ఆపాలా అన్నది మీరే ముందు నిర్ణయించండి, డబ్బాకి వదిలేయకండి.

12. పీకి చూడండి, తర్వాత అప్పగించండి

అప్పగించే ముందు ఒక పూట పెట్టుకుని ఒక్కొక్కటీ పీకండి. ఒక మీటర్ కమ్యూనికేషన్ తీగ తీయండి, ఆ ఒక్కటే బూడిద రంగులోకి వెళ్లిందా? నెట్ కేబుల్ రెండు గంటలు తీసి పెట్టండి, తిరిగి పెట్టాక గ్రాఫ్‌లో ఖాళీ పూడిందా? గేట్‌వే ఎంసీబీ దించి మళ్లీ వేయండి, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే లేచిందా, గడియారం సరిగ్గా ఉందా? కాంట్రాక్ట్ డిమాండ్ విలువని తాత్కాలికంగా తగ్గించి హూటర్ మోగుతుందో లేదో చూడండి, తర్వాత అసలు విలువ మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

కాన్ఫిగరేషన్ మొత్తం ఒక ఫైల్‌గా దించి, గేట్‌వే బయట రెండు చోట్ల దాచండి. వీలైతే అదే మోడల్ ఇంకోటి కొని, ఆ ఫైల్ ఎక్కించి, స్టోర్‌లో ఉంచండి. అప్‌డేట్లు ముందు ఆ స్పేర్ మీద వేసి చూసి, తర్వాత పగటి షిఫ్టులో మాత్రమే అసలుదానికి వేయండి.

చివరిగా ఒక కాగితం ల్యామినేట్ చేయించి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి, తెలుగులో. ఐపీ అడ్రసులు, ఏ లైన్‌లో ఏ మీటర్లు ఏ ఐడీతో ఉన్నాయి, చివరి రెసిస్టర్లు ఏ ప్యానెళ్లలో ఉన్నాయి, ఏ లైటు ఎలా వెలిగితే ఏమిటని అర్థం, ఎవరికి ఫోన్ చేయాలి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయొద్దు. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: "దీన్ని ఆఫ్ చేసినా మెషీన్లు ఆగవు." లేకపోతే అర్ధరాత్రి రెండింటికి ఏదో ట్రిప్ అయినప్పుడు ఎలక్ట్రీషియన్ ఈ డబ్బాని ముట్టుకోవాలా వద్దా తెలియక మీకే ఫోన్ చేస్తాడు.